లూడి గొంతు

పాత సామాన్ల కొట్లో సీడీలు వెతకడానికి బసీలియాకీ పురీటాకీ ఒక పద్ధతుంది. అర ఎడమ చివర బసీలియా నిలబడుతుంది, కుడి చివర పురీటా. ఒక్కో డబ్బా వెన్నునీ వేలితో వంచి చూసుకుంటూ ఇద్దరూ మధ్యకి జరుగుతారు. భుజం భుజం తగిలిందంటే ఆ అరలో లేదన్నమాట. అప్పుడు ఇద్దరూ ఒక్కసారే నిట్టూర్చి కింది అరకి వంగుతారు. చేతికొచ్చిన ప్రతి డబ్బానీ తెరిచి చూడాలన్నది రెండో నియమం. జనం ఇంట్లో విని ఒకదాంట్లోది ఇంకోదాంట్లో పెట్టేస్తారు మరి. క్రిస్మస్ పాటలని రాసున్న డబ్బాలో వ్యాయామం నేర్పే డిస్కు ఉంటుంది, పిల్లల ఇంగ్లీషు పాఠాల్లో ఎవరిదో పెళ్లి ఉంటుంది. పైన బొమ్మ చూసి మురిసిపోయి కొనుక్కుపోయే అమాయకులూ ఉంటారు. వీళ్లిద్దరూ ఆ బాపతు కాదు.

అక్టోబరు చివరి ఆదివారం. సముద్రం ఒడ్డున ఉన్న బవాంగ్ నుంచి పొద్దున్నే బస్సెక్కి, మలుపులన్నీ తిరిగి, బగియో కొండమీద దిగేసరికి మంచు ఇంకా వదల్లేదు. రెండు కొట్లు తిరిగారు. రెండింటిలోనూ లేదు. మధ్యలో బస్టాండు పక్కన కోడిమాంసం వేసిన అల్లం గంజి తాగడానికి కూర్చున్నారు.

“శనివారం సమాధుల పండగ. రోమెల్ ఓడ దిగి వస్తున్నాడు,” అంది బసీలియా, గంజిలో చెంచా తిప్పుతూ. “వాళ్లమ్మ పాట వినిపిస్తానని నోరు జారానే పురీటా. ఇప్పుడు వాడి మొహం ఎలా చూడను?”

“నిన్నెవరు జారమన్నారు?”

“ఫోన్లో ఏడ్చాడు. అమ్మ గొంతు ఎలా ఉండేదో తెలీదు పెద్దమ్మా అన్నాడు. అంత మనిషి, ఓడలో వందమందికి వండి పెడతాడు, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏం చెయ్యమంటావు?”

పురీటా తన గంజి మీద వేయించిన వెల్లుల్లి ముక్కలన్నీ ఏరి బసీలియా గిన్నెలో వేసింది. బసీలియాకి వెల్లుల్లి ఇష్టం. ఇన్నేళ్లుగా ప్రతి ఆదివారమూ అలాగే వేస్తోంది.

వెతుకుతున్నది ఒక్కటే డిస్కు. ఎప్పుడో వాళ్లూరి చర్చి కప్పు కోసం చందాలెత్తేటప్పుడు గుడి పాటల బృందం పాడి అచ్చు వేయించింది. పైన గుడి బొమ్మ, వెనక సముద్రం, నీలం అక్షరాలు. పాడినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. ఆఖరి పాట ఒక్కరే పాడింది, అది బసీలియా చెల్లెలు లూడి పాడిందని ఊరందరికీ తెలుసు. డిస్కు చేతికి రాకముందే లూడి పురిట్లో పోయింది, రోమెల్‌ని వదిలేసి. బసీలియా అప్పుడు హాంగ్‌కాంగ్‌లో ఎవరింట్లోనో వంటపనిలో ఉంది. తిరిగొచ్చాక తల్లి పక్కన కూర్చుని నాలుగైదుసార్లు విన్నదేమో, అంతే. తర్వాతి తుపానుకి ఊళ్లో ప్రతి ఇల్లూ బురదే, గుడి కూడా. డిస్కులూ ఫొటోలూ అన్నీ ఒక ముద్దై బయటికొచ్చాయి. కొన్నాళ్లకి తల్లి కూడా పోయింది. ఆ రోజు నుంచి బసీలియాకి ఇదే పిచ్చి. ఎండుచేపల కొట్టు ఆదివారం మూసి, కొండెక్కి, ఎవరెవరి ఇళ్లలోంచో పారేసిన పాటలన్నీ తిరగేస్తుంది. బట్టలు కుట్టే పురీటా, తన చిన్ననాటి స్నేహితురాలు, తోడు వస్తుంది. ఊళ్లోవాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

మూడోది మెట్ల కింద ఉండే ఎడ్నా కొట్టు. తడి గోనెల వాసన, ఉతికినా వదలని పరాయి ఇళ్ల వాసన. ఎడ్నా మూతికి గుడ్డ కట్టుకుని కోట్లు తగిలిస్తోంది.

“వచ్చారా అక్కలూ! నాలుగు రోజుల కిందటే కొత్త మూట దిగింది. రేడియోలో పనిచేసిన ముసలాయనవట, ఇల్లు ఖాళీ చేశారు. అదిగో, ఆ గోడ పక్కన.”

బసీలియా ఎడమ చివర, పురీటా కుడి చివర. డబ్బాలు ఒకదానికొకటి తగిలి టక్కు టక్కుమంటున్నాయి. సగం దూరం పోయాక కుడివైపు నుంచి ‘ట్చ్’ మని చిన్న చప్పుడు వినిపించింది. పురీటా సూదిలోకి దారం ఎక్కించబోయే ముందు నాలుకతో చేసే చప్పుడది. చెయ్యి కుదురుగా నిలబడాలంటే ఆ చప్పుడు రావాల్సిందే.

“ఏంటే?”

“ఏం లేదు. మూత విరిగి వేలు గీసుకుంది.” పురీటా వేలు నోట్లో పెట్టుకుంది.

ఆ తర్వాత భుజాలు తొందరగానే తగిలాయి. నిట్టూర్పు మాత్రం బసీలియా ఒక్కతే విడిచింది. పురీటా అప్పటికే ఒక డబ్బా చంకలో పెట్టుకుంది, జపాన్‌వాళ్ల అకార్డియన్ పాటలు.

“అకార్డియన్ నీకెందుకే?”

“మా ఆయనకి.”

“మీ ఆయనకి చెవుడు కదే!”

“మరీ అంత చెవుడు కాదులే. గట్టిగా పెడితే వింటాడు.”

బసీలియా పకపకా నవ్వింది. ఆ రోజు ఆమె నవ్వడం అదే ఆఖరు.

మెట్లెక్కుతుంటే వెనకనుంచి ఎడ్నా పిలిచింది. అర వెనక పడిన హ్యాంగర్ కోసం చెయ్యి పెడితే ఇంకేదో తగిలిందట. దుమ్ము ఊదుతూ పైకెత్తి చూపించింది. “అక్కా, నువ్వెప్పుడూ అడిగే గుడి బొమ్మ ఇదేనేమో చూడు.”

గుడి బొమ్మ. వెనక సముద్రం. నీలం అక్షరాలు.

బసీలియా రెండు మెట్లు ఒకేసారి దిగింది. తొందరలో మూత రాలేదు. పళ్లతో పట్టి తెరిచింది. లోపల ఖాళీ. డిస్కు కూర్చోవలసిన చోట నల్ల ప్లాస్టిక్ పళ్లు బయటికి కనిపిస్తున్నాయి.

“అయ్యో, అదేంటి!” అంది ఎడ్నా. “నిన్న నేనే తుడిచిపెట్టాను కదక్కా. ఉంది లోపల. వెండి రంగుది. దేవుడి తోడు.”

“ఎవరో కొట్టేసుంటారు,” అంది పురీటా.

“ఉత్త డిస్కు ఎవడు కొట్టేస్తాడక్కా, డబ్బా వదిలేసి?” అంది ఎడ్నా.

బసీలియా ఆ మాట వినే స్థితిలో లేదు. నేలమీద చతికిలబడి, ఒక్కో డబ్బానీ మళ్లీ తెరవడం మొదలుపెట్టింది. ఎవరో తప్పుగా వేరే డబ్బాలో పెట్టి ఉంటారని ఆశ. పురీటా కూడా మోకాళ్లమీద కూర్చుని తెరిచింది. తెరవడం, చూడడం, మూయడం. చంకలో అకార్డియన్ మాత్రం కింద పెట్టలేదు. “ఇందులో లేదు... ఇందులోనూ లేదు,” అంటూ ప్రతిదాన్నీ బసీలియాకి చూపించింది. ఆఖరి బస్సు టైమయ్యేదాకా అలా వెతికించింది. ఆ ఖాళీ డబ్బాకి ఎడ్నా డబ్బులు తీసుకోలేదు.

తిరుగు బస్సులో మూడో నియమం ఒకటుంది. కొన్నవాటి సంచులు మార్చుకోవాలి. పురీటావి బసీలియా తీసి కిటికీ వెలుతుర్లో పెట్టి గీతలున్నాయేమో చూస్తుంది. బసీలియావి పురీటా చూస్తుంది. మనది మనం చూసుకుంటే గీతలు కనబడవు, కొన్న మురిపెంలో కళ్లు మూసుకుపోతాయి అంటుంది పురీటా. ఆ మాట కనిపెట్టింది తనే.

బసీలియా తన సంచి ఇచ్చింది. అందులో ఆ ఖాళీ డబ్బా తప్ప ఏమీ లేదు. పురీటా తీసుకుంది గానీ తనది ఇవ్వలేదు.

“తల తిరుగుతోందే. మలుపులు. తర్వాత చూద్దువుగాని.”

బసీలియా సరేనంది. దారిలో నగిలియన్ ఊరి దగ్గర బస్సాగితే పురీటా దొడ్డికెళ్లడానికి దిగింది. దిగుతూ సంచి కూడా పట్టుకెళ్లింది. ఆ మురికి చోటికి, తడి నేలమీదికి, ఎవరైనా సంచి పట్టుకెళతారా? సీటుమీద పెట్టి ‘చూస్తుండవే’ అనే మనిషి! కిటికీలోంచి ఆమె వెనక్కి రావడం బసీలియా కళ్లార్పకుండా చూసింది. నిన్న లోపల ఉంది అన్న ఎడ్నా మాట అప్పుడు చెవికెక్కింది. ‘ట్చ్’ మన్న చప్పుడు గుర్తొచ్చింది. చెవిటి మొగుడికి అకార్డియన్ గుర్తొచ్చింది.

పురీటా కూర్చోగానే బసీలియా చెయ్యి చాచింది. “సంచి.”

“చెప్పాను కదే...”

“సంచి ఇలా ఇవ్వు పురీటా.”

బస్సు రెండు మలుపులు తిరిగింది. చాచిన చెయ్యి చాచినట్టే ఉంది. పురీటా కిటికీకేసి చూస్తూ సంచి ఆ చేతిమీద పెట్టింది.

అకార్డియన్ డబ్బా తెరిస్తే లోపల వెండి రంగు డిస్కు, నీలం అక్షరాలు. ఒక్క గీత లేదు.

బసీలియా లేచి నిలబడింది. గొంతు తగ్గించలేదు. “దొంగా! నా పక్కన మోకాళ్లమీద కూర్చుని, లేదు, లేదు అని డబ్బాలు చూపించావే! నీకు చేతులెలా వచ్చాయి?”

ముందు సీట్లోవాళ్లు వెనక్కి తిరిగారు. కండక్టర్ వచ్చి, “అమ్మా, మలుపులున్నాయి, కూర్చుని తిట్టుకోండి,” అన్నాడు.

“నా మాట విను,” అంది పురీటా మెల్లగా. “దాన్ని వినొద్దే. నీ కాళ్లు పట్టుకుంటాను. అలాగే దాచుకో. వినొద్దు.”

బసీలియా వెనక్కి నడిచి, ఆఖరి సీట్లో కోళ్లబుట్ట పక్కన ఇంత ఖాళీ ఉంటే అక్కడ కూర్చుంది. బవాంగ్‌లో దిగాక వెనక్కి చూడకుండా నడిచింది.

మర్నాడు పొద్దున కొట్టు తెరవకుండా వంటింటి బల్లమీద సీడీ ప్లేయరు పెట్టుకుంది. మొదట అందరూ కలిసి పాడినవి. ఎవరి గొంతు ఎవరిదో తెలియదు. ఆఖరి పాటకి ముందు బసీలియా లేచి, చేతులు కడుక్కుని, తుడుచుకుని, మళ్లీ కూర్చుంది. లూడి వస్తోంది.

గిటారు మోగింది. గొంతు ఎత్తుకుంది. బసీలియా కళ్లనుంచి నీళ్లు వాటంతటవే కారిపోతున్నాయి. చెల్లెలు ఇంత బాగా పాడేదా! నెమ్మదిగా, కింది స్వరంలో, అలల్లాగా వచ్చి పోతోంది. పై స్వరం అందుకునే చరణం వచ్చింది. ఆ చరణానికి ముందు, ఊపిరి తీసుకునే చోట, చిన్నగా ‘ట్చ్’ మంది.

బసీలియా తుడుచుకుంటున్న చెయ్యి ఆగిపోయింది. వెనక్కి తిప్పి మళ్లీ వింది. రెండో చరణం దగ్గర కూడా ఉంది. మూడో చరణం దగ్గర కూడా. సూదిలోకి దారం ఎక్కబోతోంది.

పురీటా కుట్టుమిషను వీధి గుమ్మంలోనే ఉంటుంది. ఎవరిదో బడిపిల్ల లంగా అంచు మడిచి కుడుతోంది. బసీలియాని చూసి తొక్కడం ఆపింది గానీ గుడ్డమీద నుంచి చెయ్యి తియ్యలేదు.

“నీ గొంతు,” అంది బసీలియా.

“విన్నావన్నమాట.”

“మా లూడి ఏదే? దాని పాట ఏమైంది?”

పురీటా సూదికింద గుడ్డని కొంచెం ముందుకి లాగి, మళ్లీ వెనక్కి తోసింది. “అది ఆరోజు పాడలేకపోయింది. నెలలు నిండాయి కదా, ఊపిరి అందలేదు. మూడుసార్లు ఎత్తుకుని మూడుసార్లూ వదిలేసింది. రికార్డు చెయ్యడానికి మనీలా నుంచి వచ్చినాయన మిషను కట్టేస్తానన్నాడు. పాటలు నేర్పే సిస్టర్ నన్ను పాడమంది. మిగతావాళ్లు భోజనాలకి పోయారు. గదిలో మేమే. పాడాను. బయటికొచ్చాక లూడి నా చెయ్యి పట్టుకుంది. ఊరంతా నేనే పాడుతున్నానని చెప్పుకున్నానే, అమ్మకి కూడా చెప్పాను, పరువు పోతుందే అంది. సరేలే, కాన్పయ్యాక నువ్వే నిజం చెప్పుకుందువుగాని అన్నాను. కాన్పయ్యాక చెప్పడానికి అదెక్కడుంది?”

“నాకు చెప్పొచ్చుగా! నేను బతికే ఉన్నానుగా!”

“నువ్వొచ్చేసరికి మీ అమ్మ పొద్దున్నే లేచి అది పెట్టుకుని వినేది. ఏమని చెప్పను? అందులో మీ అమ్మాయి లేదు, నేనున్నానని చెప్పనా? తర్వాత తుపానొచ్చింది, డిస్కు పోయింది, పీడ వదిలిందనుకున్నాను. నువ్వేమో వెతుకుతానని బయల్దేరావు.”

“అందుకని నువ్వూ బయల్దేరావు.”

“నీకంటే ముందు నా చేతికి దొరకాలని.”

బసీలియా గుమ్మంమీద కూలబడింది. ఎన్ని ఆదివారాలు! ఎన్ని కొట్లు, ఎన్ని గంజి గిన్నెలు, ఎన్ని నిట్టూర్పులు! ఆ కుడి చివర నిలబడ్డ మనిషి తనతోపాటు వెతకలేదు, తనమీద పోటీకి వెతికింది. చచ్చిపోయిన చెల్లెలు మోసం చేసింది. బతికున్న స్నేహితురాలు మోసం చేసింది. తల్లి, ఏమో, ఆవిడకి తెలిసే విన్నదేమో. ఇందరి మధ్య తనొక్కతే వెర్రిదానిలా డబ్బాలు తెరుచుకుంటూ పోయింది.

“అంటే నాకు తోడుగా రాలేదు నువ్వు. కాపలాకొచ్చావు.”

“మొదట్లో అంతే,” అంది పురీటా. అబద్ధం చెప్పలేదు. “తర్వాత ఆదివారం కోసం చూసేదాన్ని.”

లోపల పురీటా మొగుడు అన్సెల్మో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు. నిజానికి అక్కడ ఎవరూ లేరు, రేడియోకి జవాబు చెప్తున్నాడు.

“దొరికాక విరిచెయ్యకపోయావా?”

“అనుకున్నాను. దొడ్డి దగ్గర సంచిలోంచి తీశాను కూడా. చెయ్యి రాలేదే. నేను కూడా వినలేదు కదా నా పాట, అచ్చయ్యాక ఒక్కసారి కూడా. మీ ఇంట్లో మోగుతుంటే మా ఇంటి కిటికీ మూసుకునేదాన్ని.”

బసీలియా అప్పుడు తలెత్తి చూసింది. గుడి బృందంలో పురీటా పాడడం మానేసి ఎంత కాలమైందో గుర్తొచ్చింది. గొంతు పోయిందనేది. ఎవరూ అడగలేదు. తనూ అడగలేదు. గుడి పండగలో ఏటా ఫాదర్ ‘మన లూడి పాట’ అంటుంటే కుర్చీలు సర్దుతూ ఉండేది. కోపం పోలేదు గానీ దానికింద ఇంకేదో కదిలింది. నష్టపోయింది తానొక్కతే కాదు.

“శనివారం సమాధి దగ్గర చెప్తాను,” అంది లేస్తూ. “రోమెల్‌కి, మావాళ్లందరికీ. ఈ పాట పాడింది పురీటా అని. లూడి పేరు చాలాకాలం మోసింది ఆ పాట, ఇంక చాలు.”

“ఇప్పుడెందుకులేవే, ముసలితనంలో,” అంది పురీటా. బసీలియా వీధిలోకి దిగాక వెనకనుంచి అడిగింది. “ఎన్ని గంటలకి?”

శనివారం శ్మశానం తిరనాళ్లలా ఉంది. సున్నం కొట్టిన సమాధుల మీద కొవ్వొత్తులు, పువ్వులు, పక్కనే చాపలు పరిచి నూడుల్సూ అరటాకుల్లో జిగురన్నమూ. పిల్లలు కారిన మైనం ఉండలు చేసుకుంటున్నారు. రోమెల్ పొద్దున్నే వచ్చి తల్లి సమాధి తనే కడిగాడు. నల్లగా, బండలా ఉన్నాడు. రాతిమీద పేరుని తెల్ల రంగుతో మళ్లీ దిద్దుతున్నాడు.

పురీటా వచ్చింది. బసీలియా మొదట పోల్చుకోలేదు. కొత్త జాకెట్టు, లేతపసుపు రంగు. మెడచుట్టూ లేసు. ఆ లేసు బసీలియాకి తెలుసు. ఆదివారాలప్పుడు బగియో కొట్లలో ముక్కా ముక్కా ఏరుకున్నది, ‘దేనికే’ అంటే ‘ఎప్పుడైనా పనికొస్తుంది’ అని దాచుకున్నది. అన్ని ముక్కలూ అతుకు తెలియకుండా కలిపి కుట్టింది. పెదాలకి రంగు కూడా వేసుకుంది. వెనకాల అన్సెల్మో, ఇస్త్రీ చొక్కా, తడిపి దువ్విన జుట్టు.

“ఎందుకే ఆయన్ని కూడా తెచ్చావు?”

“వస్తానన్నాడు,” అంది పురీటా, సిగ్గుపడుతూ. “చెప్పాన్లే.”

బసీలియా ప్లేయరుని ఆఖరి పాట దగ్గరికి తిప్పి సమాధిమీద పెట్టింది. చుట్టాలు చాపలమీద నుంచి లేచి వచ్చారు. ముందే చెప్పెయ్యాలి అనుకుంది. నోరు తెరిచేలోపు రోమెల్ మీట నొక్కేశాడు. సరే, పాటయ్యాక చెప్తాను అనుకుంది.

గిటారు. తర్వాత గొంతు.

రోమెల్ మోకాళ్లమీద కూర్చుని అరచెయ్యి రాతికి ఆనించాడు. రంగు ఇంకా ఆరలేదు, చేతికి అంటుకుంటోంది. కళ్లు మూసుకున్నాడు. పెద్ద పెద్ద భుజాలు కదులుతున్నాయి. బసీలియా అతన్నే చూస్తూ ఉండిపోయింది. పాట అయ్యేదాకా ఎవరూ గొంతు సవరించుకోలేదు. పాట అయిపోయింది. డిస్కు తిరగడం ఆగింది.

రోమెల్ కళ్లు తెరవకుండానే అడిగాడు. “అమ్మేనా, పెద్దమ్మా?”

పురీటా చెయ్యెత్తి మెడదగ్గర లేసు సర్దుకుంది. ఎదురుచూస్తోంది.

బసీలియా గొంతులోకి మాట వచ్చింది. సోమవారం నుంచీ మనసులో వల్లెవేసుకున్న మాటే. రాతిమీద పరిచిన ఆ అరచెయ్యి చూసింది. తెల్లరంగు అంటిన ఆ వేళ్లు చూసింది. తల్లిని అప్పుడే కలుసుకున్నాడు వాడు. వాడి చేతుల్లోంచి ఎలా లాక్కోవడం?

“అమ్మే నాన్నా,” అంది. “మీ అమ్మే.”

అని పురీటావైపు చూడలేకపోయింది. ట్చ్ మన్న చప్పుడు మాత్రం వినిపించింది. పురీటా వంగి గాలికి ఆరిపోయిన కొవ్వొత్తిని అందుకుంటోంది. అగ్గిపుల్ల గీసింది, ఆరిపోయింది. ఇంకోటి గీసింది.

అన్సెల్మోకి పాట వినబడలేదు, మాట వినబడలేదు. అందరూ కళ్లు తుడుచుకోవడం మాత్రం చూశాడు. మొహమంతా వెలిగిపోతూ పెళ్లాం మీదికి వంగి, చెవిటివాళ్లు మాట్లాడినట్టే గట్టిగా అడిగాడు.

“అయిపోయిందా? నీ పాట వేశారా?”

రోమెల్ కళ్లు తెరిచాడు. చుట్టాలందరూ ఇటు తిరిగారు. బసీలియాకి భూమి విచ్చుకుని మింగేస్తే బాగుండుననిపించింది.

పురీటా అగ్గిపుల్ల ఊదేసింది. మొగుడి చెవికి చెయ్యి అడ్డం పెట్టి, గుసగుసగా మొదలుపెట్టి, అతనికి అందడం లేదని గొంతు పెంచింది. ఎన్నో ఏళ్లుగా ఎవరూ వినని గొంతు. పక్క సమాధులవాళ్లు కూడా తలలెత్తారు.

“నాది కాదు,” అని అరిచింది. “లూడిది. లూడి పాడింది.”